విషప్రయోగం కేసులు: ల్యాబ్ రిపోర్టు ఒక్కటే చాలదు

విసెరా (మృతదేహం నుంచి తీసిన అవయవ భాగాల) రిపోర్టులో విషం తేలితే శిక్ష ఖాయమని హైదరాబాద్ అశోక్‌నగర్ రీడింగ్ హాళ్లలో చాలామంది పోటీ పరీక్షల అభ్యర్థులు అనుకుంటారు. తప్పు. శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో (1984) సుప్రీంకోర్టు నాలుగు అంశాలు అడిగింది: విషం ఇవ్వడానికి నిందితుడికి స్పష్టమైన కారణం ఉండాలి, మరణం విషం వల్లే జరగాలి, ఆ విషం అతని దగ్గర ఉండాలి, ఇచ్చే అవకాశమూ ఉండాలి. పరిస్థితుల సాక్ష్యంపై ‘పంచశీల’ అనే ఐదు సూత్రాలూ ఈ తీర్పులోవే. ఆ నాలుగు, ఈ ఐదు కలగలిపేయకండి.

దీనికి ఎదురు ఉదాహరణ అనంత్ చింతామన్ లాగూ కేసు (1960). శరీరంలో విషం దొరకకపోయినా శిక్ష నిలిచింది.

మన దగ్గర చూడాల్సింది వరంగల్ గొర్రెకుంట కేసు. 2020 మేలో తొమ్మిది మందికి తిండిలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పాక బావిలో పడేశారు. మాత్రలు చంపలేదు, చంపడానికి దారి చేశాయి. అదే ఏడాది అక్టోబర్ 28న సెషన్స్ కోర్టు దోషికి మరణశిక్ష వేసింది.

ఇక ల్యాబ్‌కు పంపే విసెరా సంగతి: పోస్టుమార్టంలో తీసిన కడుపు, కాలేయం, మూత్రపిండాల భాగాలను సాధారణంగా ఉప్పు సంతృప్త ద్రావణంలో ఉంచి, సీసాలకు సీలు వేసి పంపుతారు. మద్యం అనుమానముంటే స్పిరిట్ వాడకూడదు. సీలు తేడా వస్తే డిఫెన్స్ లాయరుకు పండగే!

సెక్షన్లు: నిపుణుల అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్ఏ) 39, ప్రభుత్వ నిపుణుల నివేదిక భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 329, విషంతో హాని భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 123. నమూనాలు పరీక్షించే రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో, కేంద్ర ల్యాబ్ రామంతాపూర్‌లో ఉన్నాయి.