గట్టుమీది తంగేడు

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు ప్రాంతము మామిడితోటలకును, వేరుశనగ చేలకును నెలవు. అచ్చటి మెట్టనేలలలో నెవ్వరును విత్తకయే, నీరు పోయకయే బంగారువన్నె పూలు పూయు పొద యొకటి గలదు. అదియే తంగేడు.

పొలములో వేయు పొద్దుతిరుగుడు ఒక్క పంటకాలము బ్రతికి యెండిపోవును. తంగేడు బహువార్షికము, కొమ్మలు నరికినను మొదటినుండి మరల చిగిర్చును. ఉత్తర అమెరికాలోని ప్రేరీ మైదానములందును బహువార్షికమైన పొద్దుతిరుగుడు జాతులు గలవు. చలికాలమున వాని పైభాగము ఎండినను, వసంతమున భూమిలోని వేరునుండి క్రొత్త కాండము లేచును. అట్టి మొక్కల వేళ్లును, గడ్డివేళ్లును పెనవేసికొని మట్టిని పట్టియుంచెడివి. ఆ మైదానములను విస్తారముగ దున్ని గోధుమ వేసిరి. 1930 తరువాత అనావృష్టి రాగా, పట్టు తప్పిన మట్టి ధూళియై యెగిరిపోయెను. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి వలసపోయెను.

మనవైపు వాలునేలలలో జడివాన కురిసినప్పుడు మట్టి కొట్టుకొనిపోవును. గట్టుమీద తంగేడు వరుస యున్నచో ఆ మట్టి నిలుచును. పశువులు దీనిని అంతగా మేయవు.

దీనిని పెంచుట సులభము. ఎండిన కాయలనుండి గింజలు తీయవలెను. గింజ పెంకు గట్టిది. నీటిని లోనికి పోనీయదు. కావున గరుకురాతిపై నించుక రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, తొలకరి తడిలో రెండేసి మూరల యెడముగ, లోతు లేకుండ విత్తవలెను. నీరు నిలుచు చోటు పనికిరాదు. మొదటి యేడు కలుపు తీసిన చాలును.

తంగేటిపూవులో తేనె యుండదు. పుప్పొడి తిత్తుల కొనలందు సన్నని రంధ్రములుండును. తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని యదరించినప్పుడు ఆ రంధ్రములనుండి పుప్పొడి రాలును. వంగ, టమాటా పూవులును ఇట్లే యదరింపబడి చక్కగ కాయలు పట్టును. కావున గట్టుమీది తంగేడు తుమ్మెదలకు ఆహారమై, తోటకు మేలు చేయును.

దీని ఆకు వరిమడికి ఎరువు. పుల్ల పండ్లు తోముటకు, బెరడు తోళ్లు పదును చేయుటకు ఉపయోగపడును. తెలంగాణమున బతుకమ్మలో పేర్చు ఈ పూవు 2014లో ఆ రాష్ట్రపుష్పమైనది. అయితే మొదలు చుట్టును బెరడు ఒలిచినచో పొద చచ్చును. కొమ్మలు మాత్రమే కోసికొనినచో అది మరల చిగిర్చును.

అడుగక పెరిగిన మొక్కయని తంగేటిని పెకలించుట తగదు. దానిని పెకలించినవాడు తన పొలపు మట్టిని తానే వానకు అప్పగించినవాడగును.