సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దించకండి: ఇంటివారు అడిగే ప్రశ్నలు

మా ట్యాంకు పదేళ్లయినా నిండలేదు. అయినా తీయించాలా?

తీయించాలి. వాడకం మొదలైన కొద్ది రోజులకే సెప్టిక్ ట్యాంకు నీటితో నిండుతుంది. ఆ తర్వాత ఎంత నీరు వస్తే అంత బయటికి పోతుంటుంది. పెరిగేది అడుగున మడ్డి, పైన తెట్టు. ఆ రెండూ పేరుకుంటే మధ్యలో నీరు తేరడానికి చోటుండదు. మలం అలాగే ఇంకుడు గుంతలోకో వీధి మోరీలోకో వెళ్లిపోతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి తీయించాలని చెబుతారు. పదేళ్లయినా ఏ ఇబ్బందీ లేదంటే, అడుగున గచ్చు చేయకుండా వదిలేశారేమో చూడండి. అలాగైతే మురుగు నేలలోకి దిగుతోంది. తాగునీటి బావికీ ఇంకుడు గుంతకూ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. మన ఇళ్ల స్థలాల్లో అంత దూరం దొరకడం కష్టం. కాబట్టి ట్యాంకు సరిగా పనిచేయడం మరీ ముఖ్యం.

మురుగు తోడే బండికి బదులు మనుషులను పిలిపించవచ్చా?

వద్దు. పారిశుద్ధ్య కార్మికుల కోసం 2013లో వచ్చిన చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, రక్షణ పరికరాలూ జాగ్రత్తలూ లేకుండా మనిషి చేత సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం నేరం. నేరుగా పిలిచినా, మేస్త్రీ ద్వారా పిలిపించినా ఒకటే. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం కోరే పరికరాలు ఏ ఇంటివారి దగ్గరా ఉండవు. ముక్కుకు కట్టిన గుడ్డ, నడుముకు కట్టిన తాడు రక్షణ కాదు.

వాళ్లే దిగుతామంటే? ‘ఒక్క నిమిషం’ అంటే?

వాళ్లు ఒప్పుకున్నా నేరం నేరమే. పైగా ఆ ఒక్క నిమిషం చాలు. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పట్టలేదు. వాసన పోయింది కదా అని దిగిన మనిషి కొన్ని శ్వాసలకే కూలిపోతాడు. అతన్ని లాగబోయిన అన్న, ఆ తర్వాత కొడుకు... ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు ఇలా పుట్టేవే. బండి తోడేశాక ఖాళీగా కనిపించినా, అడుగున మిగిలిన మడ్డిని కదిలిస్తే వాయువు మళ్లీ లేస్తుంది. అడుగు కడగాల్సిన పనే లేదు. కొంచెం మడ్డి మిగలడమే మంచిది, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి.

ఈ పనికి తరతరాలుగా దళిత కులాలవారినే పిలుస్తున్నాం. పేదరికం వల్ల వచ్చే ‘సరే’ను ఒప్పుకోలుగా లెక్కవేయడం అన్యాయం.

ప్రాణం పోతే కుటుంబానికి హక్కు ఏమిటి?

సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న 10 లక్షల పరిహారం ఖరారు చేసింది. 2023 అక్టోబరు 20న మరో తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు. పరిహారం ఇచ్చేశాం కదా అని క్రిమినల్ కేసు పోదు.

అద్దె ఇంట్లో ఖర్చు ఎవరిది?

ఒప్పందంలో రాసుకున్నట్టు. ఇంట్లో దిగేముందే అడిగి రాయించుకోండి. మనుషులను ఎవరు పిలిపిస్తే చట్టం వారినే అడుగుతుంది, సొంతదారైనా అద్దెకున్నవారైనా.

బండివాళ్లు ఎక్కడ పారబోస్తే నాకేం?

ఊరి చెరువులో పోస్తే తిరిగి మీ ఇంటికే వస్తుంది. వాగులు, బావులను కలుషితం చేయడం 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం నిషిద్ధం. ట్యాంకుల మురుగు తరలింపు కోసం వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే నిబంధనలు తెచ్చింది, దేశంలో ఇలాంటివి అవే మొదటివి. బండికి మున్సిపాలిటీ అనుమతి ఉందా, శుద్ధి కేంద్రానికి తీసుకెళుతున్నారా అని అడగండి. అడగడం మీ హక్కు.

యాసిడ్, పౌడర్లు పోయవచ్చా?

యాసిడ్, ఫినాయిల్ ఎక్కువైతే పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి. పౌడర్లు అక్కర్లేదు. శానిటరీ ప్యాడ్లు, వంటనూనె అసలు వేయకండి. గాలి గొట్టాన్ని మూయకండి, మూత దగ్గర బీడీ వెలిగించకండి, లోపల మీథేన్ ఉంటుంది.

ట్యాంకు తీయించడానికి ఎవరికి ఫోన్ చేయాలి?

చాలా నగరాల్లో 14420 హెల్ప్‌లైన్ ఉంది. లేనిచోట మున్సిపాలిటీ, పంచాయతీ. ఎవరైనా ట్యాంకులో పడిపోతే మాత్రం మీరు దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. వెంటనే 101కి, 108కి ఫోన్ చేయండి.