పచ్చిగడ్డి మోపులో తుంగను గుర్తించడం ఎలా?

గేదె కడుపు నిండినంత మాత్రాన పాలబిందె నిండదని పాడి రైతులకు వేరే చెప్పనవసరం లేదు. సంఘంలో పాలకు ధర కట్టేటప్పుడు వెన్న శాతం చూస్తారు. కనుక మోపు ఎంత బరువుందో చూసే ముందు, అందులో ఏముందో చూడాలి.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత చిలకలూరిపేట వైపు మెట్ట నేలలకు కూడా తడి అందింది. నల్లరేగడి నీటిని త్వరగా వదలదు. అందువల్ల పిల్లకాలువల గట్ల మీద, ఓగేరు వాగు పల్లాల్లో తుంగ జాతులు గరిక, ఊదలతో కలిసి పెరుగుతాయి. మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు విప్పించి చూసిన మోపులు కొన్నింటిలో గడ్డి కన్నా తుంగే ఎక్కువగా ఉంది. కోసినవారికి ఆ సంగతి తెలియదు. దూరానికి అన్నీ గడ్డిలాగే కనబడతాయి మరి.

గుర్తులు ఇవి:

1. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. గడ్డి కాడ నున్నగా దొర్లుతుంది. తుంగ కాడకు మూడు అంచులు తగులుతాయి.

2. గడ్డి కాడకు కణుపులుంటాయి. తుంగ కాడ మొదలు నుంచి పూత దాకా కణుపు లేకుండా సాగుతుంది.

3. గడ్డి ఆకులు రెండు వరుసల్లో, తుంగ ఆకులు మూడు వరుసల్లో వస్తాయి.

4. తుంగ కాడ కొసన రెండు మూడు ఆకులు, వాటి మధ్య గొడుగు ఊచల్లా పూత ఉంటాయి.

తుంగలో రకాలున్నాయి. పూత ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండి, తవ్వితే వాసనగల నల్లని గడ్డలు గొలుసులా వస్తే అది తుంగముస్తె (సైపరస్ రొటండస్). వరి మడిలో పసుపు పూతతో కనబడేది సైపరస్ ఇరియా. పూత గుండ్రని ముద్దలుగా ఉన్నది సైపరస్ డిఫార్మిస్. ఈ రెండింటికీ గడ్డలుండవు, పీచు వేళ్ళే.

లేత తుంగను గేదె తింటుంది. ముదిరితే పీచే మిగులుతుంది, పోషణ తక్కువ. పాలిచ్చే గేదెకు దాన్నే ప్రధాన మేతగా వేయరాదు. తుంగముస్తెను పైపైన పీకితే గడ్డలు నేలలోనే ఉండి మళ్ళీ మొలుస్తాయి. వేళ్ళ మట్టితో సహా ఇంటికి తెస్తే మన చేలోకి మనమే తెచ్చుకున్నట్లు.

మరొక ముఖ్య విషయం. వరి మడిలోని తుంగలు దట్టంగా ఉన్న చోట నీరు నిలుస్తుంది. అక్కడ నత్తలుంటే కార్జపు జలగ వ్యాధి భయం కూడా ఉంటుంది. జలగ పిల్లలు నీటి అంచున ఉన్న ఆకులకు అంటుకొని పశువు కడుపులోకి చేరతాయి. పశువు చిక్కిపోతుంది, పారుతుంది, దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి. అటువంటి చోట మునిగిన భాగం వదిలి పైభాగమే కోయాలి. ఈ లక్షణాలు కనబడితే పశువైద్యుని సలహా తీసుకోవాలి.

ఈసారి పాలు పోయడానికి వచ్చేటప్పుడు మీ మోపు నుంచి నాలుగు కాడలు తెండి. సంఘ కార్యదర్శి ఎదుట వాటిని వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. రేపటి నుంచి కొడవలి పట్టే ముందే మీ వేళ్ళు ఆ పని చేస్తాయి.