బి.పి. తగ్గిందని మాత్ర మానేయవచ్చా?

"బి.పి. మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే మా ఓ.పి.లో తరచుగా వినే జవాబు ఇది: "మొదట్లో వేసుకున్నానండీ. బి.పి. నార్మల్‌కు వచ్చిందన్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాను." ఇలా మానేసినవారిలో కొందరు కొన్నేళ్ళ తర్వాత కాళ్ళ వాపుతో, ఆయాసంతో తిరిగి వస్తారు. రక్తపరీక్ష చేస్తే కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయని తెలుస్తుంది. "నాకు ఒక్కరోజైనా నొప్పి రాలేదే! కిడ్నీలు ఎలా చెడిపోయాయి?" అని వారు అడుగుతారు. ఈసారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.

కిడ్నీలు చేసే పని

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు రెండు వైపులా, పిడికిలంత ఉండేవి మన కిడ్నీలు. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు రక్తంలోనుండి వీటి ద్వారా వడపోతకు వస్తుంది. అందులో ఎక్కువ భాగం తిరిగి రక్తంలోకే చేరుతుంది. ఒకటి రెండు లీటర్లు మాత్రమే మలినాలతో కలిసి మూత్రంగా బయటికి పోతుంది. ఒంట్లో ఉప్పు, నీరు ఎంత ఉండాలో చూసేవి కూడా కిడ్నీలే. అందుచేత రక్తపోటును అదుపులో ఉంచడంలో వీటికి పెద్ద భాగం ఉంది.

రక్తపోటు ఎలా దెబ్బతీస్తుంది?

రక్తం ఎక్కువ ఒత్తిడితో ఏళ్ళ తరబడి ప్రవహిస్తే కిడ్నీలలోని సన్నని రక్తనాళాల గోడలు మందమై, దారి ఇరుకవుతుంది. రక్తం చాలక కొన్ని జల్లెడలు ఎండిపోతాయి. వాటి పని కూడా మిగిలినవాటి మీద పడుతుంది. ఆ భారానికి అవీ దెబ్బతిని, మూత్రంలోకి పోకూడని ప్రొటీను కారిపోతుంది. ఇంతటితో ఆగదు. దెబ్బతిన్న కిడ్నీ ఉప్పును, నీటిని సరిగా బయటికి పంపలేదు. రక్తపోటును పెంచే రెనిన్ అనే పదార్థాన్ని కూడా ఎక్కువగా విడుదల చేయవచ్చు. దానితో బి.పి. ఇంకా పెరుగుతుంది, కిడ్నీ ఇంకా చెడుతుంది.

నొప్పి ఎందుకు రాదు?

మన అవసరానికి మించిన శక్తి కిడ్నీలకు ఉంది. అందుకే ఒక కిడ్నీ దానం చేసినవారు కూడా ఆరోగ్యంగా బ్రతుకుతున్నారు. కొన్ని జల్లెడలు పాడైనా మిగిలినవి పని నడిపిస్తాయి కాబట్టి మనకు తేడా తెలియదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని పరీక్షలో తేలేసరికి చాలామందిలో సగం శక్తి పోయి ఉంటుంది. ఎండిపోయిన జల్లెడలు మళ్ళీ రావు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

"రోజూ మాత్ర వేసుకుంటే కిడ్నీలు పాడైపోవా?"

ఈ భయం చాలామందికి ఉంది. నిజానికి బి.పి. మాత్రలు కిడ్నీలను కాపాడతాయి. ఎనాలప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివి ప్రొటీను కారడాన్ని కూడా తగ్గిస్తాయి. అయితే ఇవి మొదలుపెట్టిన తర్వాత డాక్టరు చెప్పినప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భవతులు ఇవి వాడకూడదు. వాంతులు, విరేచనాలు ఎక్కువైనప్పుడు వీటిని వేసుకోవాలా వద్దా అని డాక్టరును అడగాలి.

కిడ్నీలకు హాని చేసేవి వేరే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి చీటీ లేకుండా షాపులో కొని రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు బి.పి.ని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏమి కలిపారో తెలియని పసర్లు, భస్మాలు కూడా ప్రమాదమే. బి.పి. మాత్రకు భయపడి మానేసి, నొప్పి మాత్రను ధైర్యంగా వేసుకునేవారిని మేము చూస్తూనే ఉన్నాము.

ఏ పరీక్షలు కావాలి?

1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు, చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద వేడిచేస్తే కిడ్నీ జబ్బు ఉన్నవారి మూత్రం తెల్లగా తిరుగుతుందని చూపించాడు. అది ప్రొటీను వల్లనే. ఈనాడు అదే సంగతి చిన్న మూత్రపరీక్షతో తెలిసిపోతుంది. బి.పి. ఉన్నవారు, ముఖ్యంగా షుగరు కూడా ఉన్నవారు, ఏడాదికి ఒకసారైనా మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. బి.పి. 140/90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పదే పదే కనిపిస్తే చికిత్స అవసరం. కిడ్నీ జబ్బు ఉన్నవారికి సాధారణంగా 130/80 లోపు ఉండేటట్లు చూస్తారు.

ఇంట్లో చేయవలసినవి

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక చిన్న చెంచాడు. కూరలో, పప్పులో వేసినదే కాదు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, మజ్జిగలో కలిపినది అన్నీ ఈ లెక్కలోనివే. పచ్చడి మానలేనివారు వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించుకోండి. "బి.పి. ఉప్పు" అని అమ్మే కొన్నింటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాటిని వాడరాదు. పొగాకు, సారా మానండి. రోజూ అరగంట నడవండి.

కిడ్నీలు పూర్తిగా పనిచేయకపోతే చాలామందికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ చేయించుకోవలసి వస్తుంది. దానికోసం రోగి కూలిపని, తోడు వచ్చేవారి కూలిపని రెండూ పోతాయి. ఇల్లంతా చితికిపోతుంది. రోజుకు ఒకటి రెండు మాత్రలు దీనిముందు ఎంత?

ఈ పేజీ చదవగానే మీ ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి. అమ్మ, నాన్న, అత్తమామలు బి.పి. మాత్రలు సరిగా వేసుకుంటున్నారో, మధ్యలో మానేశారో అడగండి. మానేసి ఉంటే కోప్పడకండి. పాత చీటీతో సహా ఆస్పత్రికి వెంటబెట్టుకొని రండి.