బండి దిగినంక జగిత్యాల ఎంత దూరం?

సందేహం: కరీంనగర్‌లో రైలెక్కి జగిత్యాల ఖిల్లా చూడాలనుకుంటున్నాం. స్టేషన్ నుంచి నడిచి పోవచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

సమాధానం: ఆటో ఎక్కండి. బండి ఆగేది ఊరి బయట లింగంపేటలో. బోర్డు మీద కూడా ‘లింగంపేట జగిత్యాల’ అనే ఉంటుంది. జగిత్యాల రైలు వల్ల పుట్టిన ఊరు కాదు. పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు ప్రధానిగా పీవీ నరసింహారావు 1993లో శంకుస్థాపన చేస్తే, 177 కిలోమీటర్లూ పూర్తయి బండి చివరిదాకా నడిచింది 2017లో. రాయి వేసిననాడు పుట్టిన పిల్లకు ఇరవై నాలుగేళ్లొచ్చాయి! అందుకే పాత బజారు స్టేషన్ దగ్గర దొరకదు, ఊళ్లోని క్లాక్ టవర్ దిక్కు వెళ్లాలి.

ఇక ఖిల్లా. గుట్ట మీది కోట అనుకుని వస్తే నిరాశే. ఇది చదును నేల మీద నక్షత్రంలా కట్టిన కోట, చుట్టూ కందకం. ఫిరంగుల కాలానికి ఎత్తు గోడ కన్నా ముందుకు పొడుచుకొచ్చిన మూల ముఖ్యం. ఒక బురుజు మీద నిలబడితే పక్క బురుజు అడుగు కనపడాలి, శత్రువు నక్కే చోటు మిగలకూడదు. మీరూ ఒక మూలన నిలబడి చూడండి, కట్టినవాడి లెక్క అర్థమవుతుంది. 18వ శతాబ్దంలో నిజాం సర్దారు ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచివాళ్ల సాయంతో కట్టించాడంటారు.

సందేహం: ఆ కోట కట్టిన జాక్, టాల్ అనే ఫ్రెంచి ఇంజనీర్ల పేర్ల మీద జగిత్యాల అయిందట, నిజమేనా?

సమాధానం: కథ బాగుంది, నేను మాత్రం నమ్మను. పక్కనే ఉన్న పొలాస ఆ కోటకన్నా ఎంతో పాతది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలోనే కాకతీయ రుద్రదేవుడు పొలవాస (నేటి పొలాస) మేడరాజును ఓడించిన ముచ్చట ఉంది. ఆ వంశంలో జగ్గదేవుడనే రాజున్నాడు. ఊరి పేరుకు ఆయనే దగ్గర అనిపిస్తుంది.

సందేహం: అదే రైలులో కోరుట్ల, సిరిసిల్ల కూడా చూడవచ్చా?

సమాధానం: కోరుట్ల అదే లైన్లో ఉంది. బీడీలు చుట్టే చేతులు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు, ఇదే ఆ ఊరి చరిత్ర. సిరిసిల్లకు మాత్రం బస్సే గతి. మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద 2023లో బండి సిద్దిపేట దాకా వచ్చింది, సిరిసిల్ల దాని తర్వాత. అక్కడ ముందు సాంచాల చప్పుడు వినండి. మహారాష్ట్రలోని భీవండికి వలసపోయి పని నేర్చినవాళ్లు తెచ్చిన మరమగ్గాలివి. యజమాని నూలిస్తే, మగ్గాలున్న ఆసామి నేయించి కూలి తీసుకుంటాడు. లోపలికి పోయేముందు ఆసామిని ఒక మాట అడగండి.