ఎలుక ఆగింది అంటే ఓడిపోయినట్టేనా?

గాజు జాడీలో నీళ్లు పోసి, అందులో ఒక చిట్టెలుకని వదులుతారు. ఎక్కి బయటపడే దారి ఉండదు, కాళ్లకి అడుగు అందదు. ఆరు నిమిషాల్లో మొదటి రెండూ వదిలేసి, మిగతా నాలుగు నిమిషాల్లో అది ఎన్ని సెకన్లు ఈదకుండా ఊరికే తేలిందో లెక్కేస్తారు. దీన్ని ఫోర్స్‌డ్ స్విమ్ టెస్ట్ అంటారు. 1977లో రోజర్ పోర్సోల్ట్ బృందం తెచ్చిన పద్ధతి. డిప్రెషన్ మందులు ఇచ్చిన ఎలుకలు ఎక్కువసేపు ఈదాయి కాబట్టి, కొత్త మందుల్ని వడపోయడానికి ఇది పనికొచ్చింది. చిక్కల్లా పేరుతోనే. ఆ తేలడాన్ని వాళ్లు 'నిరాశ' అన్నారు. మన సీఎస్ఈ వాళ్ల మాటల్లో, కాలమ్‌లో ఉన్నవి సెకన్లు, హెడ్డింగ్ మాత్రం ఒక మనోభావం.

మే నెలలో ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు వెళ్తుంటే బీళ్లలో నెల్లూరు జోడిపి గొర్రెలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం మేత ఆపేసి, గుంపుగా చేరి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల పెట్టుకుని కదలకుండా నిలబడతాయి. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే వాటి 'నిరాశ' నూటికి నూరు! కాపరితో ఈ మాటంటే నవ్వుతాడు. తలకి నీడ కోసం అలా నిలబడ్డాయి, ఎండ వాలగానే మళ్లీ మేతకి పోతాయి.

నీళ్లలో ఎలుక సంగతీ అలాంటిదే కావచ్చు. పెద్ద ఎలుకల్ని మొదటి రోజు 15 నిమిషాలు, మర్నాడు 5 నిమిషాలు వదులుతారు. రెండోసారి అవి తొందరగా ఆగిపోతాయి. దారి లేదని నిన్ననే తెలిసింది కాబట్టి ఓపిక దాచుకుంటున్నాయి అని వాదించే శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. ఆంఫెటమిన్ లాంటి ఉత్తేజకాలు ఇచ్చినా ఎలుక ఎక్కువే కదులుతుంది, కానీ అది ఆశ పుట్టి కాదు. ఇక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో విస్టార్ ఎలుకల నుంచే పుట్టిన స్థూలకాయ వంశం ఒకటుంది, డబ్ల్యూఎన్ఐఎన్/ఓబ్ అని. కొవ్వు నీళ్లలో తేలుతుంది కదా, వాటిని జాడీలో వేస్తే వచ్చే స్కోరు మనసుదా, ఒంటిదా? అంత బాధపెట్టి రాబట్టిన అంకెకి తప్పు పేరు పెడితే పనిచేయని మందు ముందుకొస్తుంది, పనిచేసేది పక్కకి పోతుంది. నష్టపోయేది చివరికి రోగి.

పట్టుదలకి వేరే పరీక్ష ఉంది. 1961లో విలియం హోడోస్ పెట్టినది. మీట నొక్కితే ఎలుకకి తీపి పాలు వస్తాయి. ప్రతిసారీ నొక్కాల్సిన లెక్క పెంచుకుంటూ పోతారు, ఎక్కడ మానేస్తుందో అదే బ్రేక్ పాయింట్. నాకు ఇది నిజాయితీగా అనిపిస్తుంది, ఎందుకంటే హోడోస్ దాన్ని పట్టుదల అనలేదు, బహుమతి బలానికి కొలత అన్నాడు. కడుపు నిండిన ఎలుక తొందరగా మానేస్తుంది. అంతమాత్రాన దానికి పట్టుదల లేదంటామా?

దెబ్బతిని తేరుకోవడం సంగతి ఇంకా గమ్మత్తు. 2007లో 'సెల్' పత్రికలో వచ్చిన పరిశోధనలో, చిట్టెలుకని పది రోజులపాటు రోజూ ఒక దూకుడు ఎలుక చేతిలో ఓడనిస్తారు. తర్వాత అలాంటి ఎలుక ఉన్నప్పుడు దాని దగ్గర ఎంతసేపు గడిపింది, ఖాళీగా ఉన్నప్పుడు ఎంతసేపు గడిపింది అని చూసి నిష్పత్తిని వందతో గుణిస్తారు. 100 దాటితే తట్టుకున్నది, తగ్గితే లొంగిపోయింది. 99కీ 101కీ మధ్య గోడ కట్టేశారన్నమాట. మనం ఇఫ్-ఎల్స్ రాసినంత తేలిగ్గా! భయం ఉండాల్సిన చోట భయపడని ఎలుక నిజంగా తేరుకుందా, గుర్తుపెట్టుకోలేదా అన్నది ఆ అంకె చెప్పదు.

కుక్కల మీద 1967లో సెలిగ్మన్, మేయర్ చేసిన ప్రయోగం సైకాలజీ పుస్తకాల్లో అందరూ చదివేదే. ఆపలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే వీలున్నా కదల్లేదు. నిస్సహాయతను నేర్చుకున్నాయి అన్నారు. 2016లో ఆ ఇద్దరే, మేం తలకిందులుగా చెప్పాం అని రాశారు. బాధ ఎడతెగకుండా వస్తే కదలకుండా ఉండిపోవడం మెదడుకి పుట్టుకతో ఉన్న స్పందన, అదుపు ఉందని తెలుసుకోవడమే నేర్చుకునేది అని. డేటా పాతదే, లేబుల్ మారింది.

ఇప్పుడు డీప్‌ల్యాబ్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్ వీడియోలో కాలు, తోక, మూతి అన్నీ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గుర్తిస్తుంది. మనలో ఎవరైనా అలాంటి వీడియోల మీద ప్రాజెక్ట్ చేస్తే క్లాసులకి 'ఈదింది', 'తేలింది', 'గోడ ఎక్కబోయింది' అని పేర్లు పెట్టండి.