ఫాల్గుణమాసపు మబ్బులు

శిశిరము వెడలిపోవుచు వసంతమునకు చోటిచ్చు కాలము తెలుగునాట మిక్కిలి మనోహరమైనది. మోదుగులు ఎఱ్ఱగా పూచును. వేపచెట్లు చిగిర్చును. మామిడికొమ్మలయందు పూత రాలి పిందె నిలుచును. యాసంగి వరి పాలు పోసికొనుచుండును. మొక్కజొన్న కంకి గట్టిపడుచుండును. కోసిన మిరపకాయలు కల్లములలో ఎఱ్ఱని తివాచీలవలె ఆరుచుండును. ఉడికించిన పసుపుకొమ్ములను రైతులు ఎండబోయుదురు. నెలల తరబడి పడిన కష్టము ఫలమై ఇల్లు చేరునది ఈ దినములలోనే.

అయినను ఆకాశమును నమ్మరాని కాలము కూడ ఇదియే. వేకువను చల్లదనము, మధ్యాహ్నమున మండుటెండ, సాయంకాలమున ఉఱుములు మెఱుపులు. ఒక ఊరిలో వడగండ్లు కురియగా పొరుగూరిలో దుమ్మైనను అణగదు. ఈ చంచలత్వమునకు కారణమేమి? దీనిని ముందుగా ఎఱుగుట ఎట్లు? ఎఱిగినవాడు చేయదగినదేమి?

చలికాలమున మన దేశముపై ఉత్తరపు పొడిగాలి వీచుచుండును. అందు తేమ తక్కువ. సూర్యుడు ఉత్తరమునకు జరుగుకొలది నేల వేగముగా వేడెక్కును. సముద్రము అంత త్వరగా వేడెక్కదు. అప్పుడు బంగాళాఖాతముపై నుండి తేమతో నిండిన ఆగ్నేయపుగాలి తీరమును దాటి లోపలికి వచ్చును. వాయవ్యమునుండి వచ్చు పొడిగాలికిని దీనికిని నడినేలపై సంధి ఏర్పడును. ఈ సంధిరేఖ ఒక్కొక్కప్పుడు విదర్భమునుండి తెలంగాణము, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు సాగును. దానివెంట గాలి పీడనము తక్కువగా ఉండును. వార్తలలో మనము తరచు విను 'ద్రోణి' అనునది ఇదియే. ఈ ద్రోణి ఒకచోట నిలువదు. నేడు తూర్పునకు, రేపు పడమటికి జరుగుచుండును. కావుననే ఒకే వారములో ఒక జిల్లా ఎండను, వానను, గాలిదుమారమును వరుసగా చూచును.

ద్రోణివెంట తేమగాలి నేలవేడిమిచే తేలికయై పైకి లేచును. ఎత్తునకు పోవుకొలది వాయుమండలమున వేడి తగ్గును. సగటున కిలోమీటరునకు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పైకి లేచిన తేమ చల్లబడి మబ్బగును. గాలి ఎగయు వేగము అధికమైనచో ఆ మబ్బు గోపురమువలె పెరిగి పన్నెండు కిలోమీటర్లకు పైగా లేచును. దీనినే క్యుములోనింబస్ మేఘమందురు. మనము దీనిని ఉఱుముమబ్బు అనవచ్చును.

మన ప్రాంతమున ఈ ఋతువులో సుమారు అయిదు కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టునంతటి చలి ఉండును. ఉఱుముమబ్బులోని మంచుతునక క్రిందికి జారుచుండగా ఎగయుగాలి దానిని మరల పైకి త్రోయును. అచ్చట చల్లని నీటిబిందువులు దానికి అంటుకొని గడ్డకట్టును. ఇట్లు పెరిగి పెరిగి, గాలి మోయలేనంత బరువైనప్పుడు అది నేలకు రాలును. అదియే వడగల్లు. వేసవి ముదిరిన పిదప పైగాలి కూడ వేడెక్కును. అందుచే రాలు మంచు దారిలోనే కరగుటకు ఎక్కువ అవకాశము కలుగును. వసంతారంభమున నేల వేడెక్కియుండును గాని పైగాలి ఇంకను చల్లగానే ఉండును. వడగండ్లకు ఇది అనుకూలమైన సమయము.

2023వ సంవత్సరము మార్చినెలలో, శోభకృతు ఉగాదికి ముందటి వారమున, ఇట్టి వాతావరణమే తెలుగునాట నెలకొన్నది. ఉఱుములు, ఈదురుగాలులు, వడగండ్లు రాగలవని వాతావరణశాఖ ముందే హెచ్చరించినది. మార్చి 16వ తేదీన వికారాబాదు జిల్లాలోని మర్పల్లి ప్రాంతమున వడగండ్లు నేలను తెల్లగా కప్పివేసినవి. తరువాతి దినములలో ఖమ్మము, మహబూబాబాదు, వరంగల్లు, కరీంనగరము జిల్లాలలో మొక్కజొన్నచేలు నేలకొరిగినవి. వరిగింజ రాలినది. మామిడిపిందె చెట్లక్రింద కుప్పలైనది. ఆంధ్రప్రదేశమునందును పలుతావుల కల్లములలోని మిరప తడిసినది. మార్చి 23వ తేదీన తెలంగాణ ప్రభుత్వము నష్టపోయిన పంటకు ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించినది.

హెచ్చరిక వచ్చియు నష్టమేల జరిగెనని మీరడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న సూచన ఎట్లు తయారగునో, దాని మాటల కర్థమేమో ఎఱుగవలయును.

1864లో కలకత్తాను గొప్ప తుపాను పాడుచేసినది. 1866లోను 1871లోను ఋతుపవనములు విఫలమైనవి. ఈ అనుభవముల ఫలితముగా 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. నేడు దేశమంతట పరిశీలన కేంద్రములు గలవు. అచ్చట వేడిమి, తేమ, గాలి, పీడనము నియమితవేళలలో కొలువబడుచున్నవి. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి చోట్లనుండి పరికరములు కట్టిన బెలూనులను పైకి వదలుదురు. అవి పైగాలి స్థితిని రేడియోద్వారా తెలుపును. హైదరాబాదు, మచిలీపట్టణము, విశాఖపట్టణములలోని రాడారులు మబ్బులలోని వానచినుకులను దూరమునుండియే పసిగట్టును. 2024 ఫిబ్రవరి 17వ తేదీన శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన ఇన్సాట్-3డిఎస్ వంటి ఉపగ్రహములు ఆకాశమునుండి మబ్బుల కదలికను చిత్రించుచున్నవి. ఈ కొలతలన్నియు గణనయంత్రములకు చేరును. వాటి లెక్కలను అనుభవజ్ఞులు పరిశీలించి సూచనను వెలువరింతురు.

మన పెద్దలు కార్తెలను బట్టి వ్యవసాయము చేసిరి. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కార్తెలలో ఆకాశము ఎట్లుండునో వారికి తెలియును. కార్తె ఋతుస్వభావమును తెలుపును. ఈ వారమున ఏ సాయంకాలము మబ్బు పట్టునో తెలుపునది నేటి సూచన. రెండును ఎఱిగినవాడు వివేకి.

ఇక సూచనలోని మాటలను చూతము. 'ఒకటి రెండు చోట్ల వర్షము' అనగా, ఆ ప్రాంతములోని పరిశీలన కేంద్రములలో నాలుగవవంతునకు మించకుండ వాన పడునని భావము. 'కొన్ని చోట్ల' అనగా సగమువరకు. 'చాలా చోట్ల' అనగా ముప్పాతికవరకు. కావున మన ఊరిలో చినుకు పడకున్నంతమాత్రమున సూచన తప్పినదని తలపరాదు. ఉఱుముమబ్బు ఒక్కొక్కటి కొన్ని కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉండును. దాని జీవితము తరచు గంటసేపు మాత్రమే. అది పుట్టకముందు ఏ ఊరిపై విరుచుకుపడునో చెప్పుట నేటికిని సాధ్యము కాదు. కొన్నిదినములు ముందుగా జిల్లాల పేర్లు చెప్పవచ్చును. మబ్బు పుట్టిన పిదప, రాడారును చూచి రాబోవు మూడు గంటలకు మరింత స్పష్టమైన హెచ్చరిక ఈయవచ్చును. అందుచే ఉదయము ఒకమారు సూచన విని ఊరకుండక, మధ్యాహ్నమును సాయంకాలమును మరల తెలిసికొనవలయును.

వాన కొలతలును అట్లే. ఒక దినమున 2.5 మొదలు 15.5 మిల్లీమీటర్ల వరకు కురిసినచో అది తేలికపాటి వర్షము. 15.6 మొదలు 64.4 వరకు మోస్తరు వర్షము. 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీవర్షము. 'తేలికపాటి' అను మాట విని నిర్లక్ష్యము చేయువారు ఒక లెక్క వేసి చూడవలయును. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన సుమారు నాలుగువేల లీటర్ల నీరగును. పది మిల్లీమీటర్లు కురిసిన నలువదివేల లీటర్లు! చెఱువునకు ఇది లెక్కలోనికి రాదు. ఆరుచున్న మిరపకు ఇది చాలును. తడిసిన కాయ రంగు మారి తాలుగా ఎంచబడును. దాని ధర పడిపోవును. కావున వాన ఎంత అనుటకంటె, ఆ సమయమున మన పంట ఏ స్థితిలో ఉన్నదనునదే ముఖ్యము.

హెచ్చరికలకు రంగులు కూడ గలవు. ఆకుపచ్చ రంగు భయము లేదని తెలుపును. పసుపు రంగు గమనించుచుండుమని చెప్పును. నారింజ రంగు సిద్ధముగా ఉండుమని, ఎఱుపు రంగు వెంటనే పూనుకొనుమని ఆజ్ఞాపించును.

ఇట్లు తెలిసికొన్న రైతు చేయదగిన పనులు పెక్కులు గలవు. ఆరుచున్న మిరపను, పసుపును కుప్పచేసి టార్పాలిన్ పట్టలతో కప్పి, గాలికి లేవకుండ అంచులపై బరువులుంచవలయును. కల్లముచుట్టు నీరు పోవుటకు కాలువ తీయవలయును. వానకు ముందు మందు చల్లరాదు. ఎరువు వేయరాదు. కోతకు వచ్చిన పంటను వీలైనంత కోసి భద్రపరచుకొనవలయును. చేలో నిలిచియున్న పచ్చిపైరును మాత్రము చుట్టి ఇంటికి తెచ్చుటకు వీలులేదు. ముందడిగిన ప్రశ్నకు సమాధానమిదియే. సూచన వడగండ్లను ఆపలేదు. రక్షింపదగిన దానిని రక్షించుటకు ఒకటి రెండు దినముల వ్యవధినిచ్చును. రక్షింప వీలుకాని నష్టమును ప్రభుత్వసాయమును, పంటల బీమాయును, తోటివారి ఆదరణమును కొంతవరకైనను తీర్పవలసియున్నది.

పంటకంటె ప్రాణము గొప్పది. ఈ మబ్బులు పిడుగులను కూడ తెచ్చును. మెఱుపు కంటబడిన పిదప ఉఱుము వినవచ్చువరకు క్షణములు లెక్కింపుడు. ధ్వని కిలోమీటరు దూరము వచ్చుటకు సుమారు మూడు సెకండ్లు పట్టును. లెక్క ముప్పది సెకండ్లకు లోబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపల ఉన్నదని గ్రహించి పక్కా ఇంటిలోనికి పోవలయును. పశువులను మేపువారు వానకు వెఱచి ఒంటరిచెట్టు క్రిందికి చేరుదురు. అది మిక్కిలి ప్రమాదకరము. చెఱువులోను మైదానము నడుమను నిలువరాదు. చివరి ఉఱుము వినబడిన అరగంటవరకు బయటికి రాకుండుట మేలు. పుణెలోని సంస్థ తయారుచేసిన 'దామిని' అను సాధనము పిడుగు హెచ్చరికలను చేతిఫోనునకే అందించుచున్నది.

ఇంటిలో పెద్దలు పొలమునకు పోవు తొందరలో సూచనను చదువలేకపోవచ్చును. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడైనను బాలికయైనను దానిని చదివి, మాటల కర్థము చెప్పి, "నాయనా, నేటి సాయంకాలము మన జిల్లాకు నారింజ హెచ్చరిక ఉన్నది, పట్టలు కల్లమునకు తీసికొనిపోవుదము" అని తెలుపవచ్చును. ఆ సాయంకాలము వాన రాకపోవచ్చును. కప్పిన పట్టలను మరునాడు తీయుట కొద్దిశ్రమ. కప్పక తడిసిన మిరప ఒక ఏటి కష్టము. ఈ రెంటి తారతమ్యము నెఱుగుటయే ఫాల్గుణమాసపు మబ్బులు మనకు నేర్పు పాఠము.

ప్రశ్నలు

1. వసంతారంభమున వడగండ్లు కురియుటకు కారణములేవి?
2. 'ఒకటి రెండు చోట్ల వర్షము' అను మాటల కర్థమేమి? మన ఊరిలో వాన పడకున్నచో సూచన తప్పినదనవచ్చునా?
3. ఎకరముపై 12 మిల్లీమీటర్ల వాన కురిసిన సుమారు ఎన్ని లీటర్ల నీరగును?
4. సూచన వలన రక్షింపదగినవేవి? రక్షింప వీలుకానివేవి?